కూతవేటు దూరంలో ఉప్పెన

ఉన్నదాన్ని పెంచి చెబితే అతిశయోక్తి అలంకారమని బళ్లో బట్టీపట్టాం. అప్పుడది మార్కుల కోసం. ఇప్పుడు ఉప్పూ కారం. అది పడకపోతే మాట చప్పగా ఉందంటున్నాం.

ఇంకా స్నానమైనా చేయని పెద్దమనిషి ఫోనెత్తి ‘దారిలోనే ఉన్నా, అయిదు నిమిషాలు’ అంటాడు. సరే, మన అయిదు నిమిషాల సంగతి మనకు తెలుసు, పోనిద్దాం. ప్లాట్లమ్మేవాళ్ల దగ్గరికి రండి. కూత వేస్తే వినపడేంత దూరాన్ని పెద్దలు కూతవేటు అన్నారు. హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. బ్రోచర్ల ప్రకారం తెలంగాణ మొత్తం దానికి కూతవేటు దూరంలోనే ఉంది! (ఈ జబ్బు నాకూ అంటుకుంది, ఏం చేయను.) ఓసారి నన్నూ కారెక్కించుకుని తీసుకెళ్లారు. రింగురోడ్డు దాటిన గంటన్నరకి సర్కారు తుమ్మల మధ్య నాలుగు తెల్లరాళ్లు చూపించారు. అక్కడ నిలబడి గొంతు చించుకుని కూత పెట్టాను. ఓ గేదె తలెత్తి చూసింది.

మొన్న మా వీధి చివర ఫ్లెక్సీ షాపులో ఇంకో వైభోగం. వార్డు నాయకుడి పుట్టినరోజట. ‘జనహృదయనేత, బడుగుల ఆశాజ్యోతి, అభినవ కర్ణుడు’ పడ్డాక కూడా జానెడు జాగా మిగిలింది.

‘ఇక్కడేం వేద్దాం అన్నా?’ అన్నాడు డిజైన్ కుర్రాడు.

‘ఏదో ఒకటి వెయ్‌రా, ఖాళీ కనపడకూడదంతే’ అన్నాడు అభిమాని.

అభినవ కర్ణుడు బయట బండిమీద కూర్చుని, ఫ్లెక్సీ డబ్బులు నేనెందుకివ్వాలని ఫోన్లో తగువాడుతున్నాడు.

ఆ జాగా నింపే యావే పత్రికలకూ టీవీలకూ పట్టుకుంది. నలుగురు గుమిగూడితే జనసంద్రం. ఎండ కాస్త చురుక్కుమంటే నిప్పుల కొలిమి. హీరో కారు దిగితే అభిమానుల ఉప్పెన. దివిసీమలో ఆ మాటకో తేదీ ఉంది: 1977 నవంబరు 19. కడలి ఊళ్లమీద పడి వేలమందిని పొట్టన పెట్టుకున్న రోజు. ఇప్పుడదే మాట ఆడియో ఫంక్షన్ గేటు దగ్గర తోపులాటకి సరిపోతోంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగింది. మేడలమీద జనం మంచినీళ్ల కోసం చేతులూపుతుంటే టీవీలు ‘జలప్రళయం’ అన్నాయి. అంతకుమించి ఏమనగలవు? అండర్‌పాస్‌లో ఆటో ఆగిపోయిన ప్రతి వానకీ ఆ మాటే వాడేశారు మరి.