తెడ్డుబాబు, దుర్భిణీ మాస్టారు, మధ్యలో పాటు

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దగ్గర కాలవ గట్టున ఒక టీ బడ్డీ. చలికాలం వచ్చిందంటే అక్కడ రెండు జాతులు తప్పకుండా వాలతాయి. ఒకటి తెడ్డుబాబు: హైదరాబాద్ కారు, దాని నెత్తిన పసుప్పచ్చ కయాక్. రెండోది దుర్భిణీ మాస్టారు: రిటైరైన జువాలజీ లెక్చరర్, చంకలో పక్షుల పుస్తకం, మొహంలో జనం మీద విసుగు. ఇద్దరికీ ప్రకృతి అంటే ప్రాణమే. అందులో రెండోవాడు కనపడకూడదు, అంతే.

"నీళ్లు అందరివీ మాస్టారూ. పైగా నా దానికి ఇంజను లేదు, చప్పుడు లేదు" అన్నాడు తెడ్డుబాబు, కయాక్‌ను కాలవలోకి దించి తాడు కడుతూ.

"చప్పుడు లేకపోవడమే కదయ్యా వచ్చిన చిక్కు! మరబోటు వస్తోందని పక్షికి ముందే తెలుస్తుంది. అది లోతున్న దారి వదిలి రాదు కూడా. నీది జానెడు నీళ్లలో మడచెట్ల వేళ్ల దాకా దూరిపోతుంది. సద్దు లేకుండా, నీళ్లకు అంటుకుని, తిన్నగా తన మీదికే వచ్చేవాణ్ణి పక్షి టూరిస్టు అనుకోదు, వేటగాడనుకుంటుంది."

మాస్టారి మాటలో నిజముంది. ఈ కాలవ పారే కోరింగ మడ అడవి 1978లో అభయారణ్యమైంది, విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. ఇక్కడికి గ్రేట్ నాట్ అనే ఉల్లంకి జాతి పిట్ట ఈశాన్య సైబీరియా నుంచి వస్తుంది. దాని భోజనమంతా బురదలో ఉంటుంది. ఆ బురద సముద్రం పాటు తీసినప్పుడు కొద్ది గంటలే బయటపడుతుంది. ఆ కాసేపట్లో నాలుగుసార్లు లేపితే తిండీ పోతుంది, ఎగరడానికి ఒంట్లో ఉన్న కొవ్వూ కరుగుతుంది.

"అన్యాయం మాస్టారూ. పోయిన ఆదివారం ఫొటో కోసం చప్పట్లు కొట్టి గుంపునంతా లేపింది ఎవరు?"

మాస్టారు దగ్గారు. "అది... రికార్డు కోసం."

కాసేపటికి తేరుకుని అమెరికా దాకా వెళ్లారు. "ఎల్లోస్టోన్‌లో చెరువుల్లో తెడ్డు వేయనిస్తారు, నదుల్లో ఒక్క లూయిస్ పాయలో తప్ప వేయనివ్వరు. తెలుసా?"

"తెలుసు. ఆ నిషేధం 1950ల నాటిది, చేపలు మితిమీరి పడుతున్నారని పెట్టింది. పక్షుల కోసం కాదు!"

ఇద్దరూ చదువుకున్నవాళ్లే మరి. చదవనిది ఒక్కటే, ఎదురుగా ఉన్న అటవీ శాఖ బోర్డు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో అడుగు పెట్టాలంటే అనుమతి కావాలి. ఆ అనుమతి పర్యాటకానికీ ఇవ్వొచ్చు.

"అడిగితే ఇవ్వరండీ" అన్నాడు తెడ్డుబాబు.

"అడిగావా?"

"లేదు."

అప్పటిదాకా వల బాగుచేసుకుంటున్న పడవాయన తలెత్తాడు. "ఆయ్, ఒక మాటండి. చేపలు గుడ్లు పెట్టుకోవాలని మా ఇంజను బోట్లను ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలోకి వెళ్లనివ్వరండి. అరవయ్యొక్క రోజులు. కడుపు కట్టుకుని ఒడ్డునే కూర్చుంటాం. మీ సరదాకి ఓ రెండు పూటలు లెక్క కట్టలేరేంటండి? పాటులో బురద పిట్టలది. పోటులో అవి ఇసక దిబ్బల మీద కునుకు తీస్తాయి. అప్పుడు దిబ్బల వైపు పోకుండా పెద్ద కాలవలో తిరగండి. జనవరి నుంచి మార్చి దాకా హోప్ ఐలాండ్ ఇసక మీద తాబేళ్లు గుడ్లు పెడతాయి, అక్కడ దిగమాకండి."

"బావురుపిల్లిని చూపిస్తావా?" తెడ్డుబాబు ఫోను తీశాడు.

"అది రాత్రి తిరిగేదండి. మీ రీలు కోసం పగలు రాదు."

"అసలు ఎవరూ వెళ్లకుండా గేటు పెడితే సరి" అన్నారు మాస్టారు.

"మరి మేం ఎక్కడికి పోతామండి? మా తాతల నాటి నుంచీ ఈ కాలవలోనే కదండి." పడవాయన నీళ్ల వైపు చూసి, వల పక్కన పెట్టాడు. "తమరు మాటల్లో పడ్డారు, పాటు తీసేసిందండి."

కయాక్ బురదలో పక్కకు ఒరిగి ఉంది. తెడ్డుబాబు లైఫ్ జాకెట్ బిగించి దిగబోయాడు.

"దిగమాకండి, తొడల దాకా కూరుకుపోతారు. నీళ్లు మళ్లీ నిండాలంటే ఆరు గంటలండి."

"ఆరు గంటలా!"

మాస్టారు ఉత్సాహంగా బైనాక్యులర్స్ తుడుచుకున్నారు. "కూర్చో నాయనా. చప్పట్లు కొట్టకు."

"మీరు కొట్టకుండా ఉంటే చాలు సార్" అంటూ తెడ్డుబాబు రెండు టీలు చెప్పాడు.