టేపు వినని చెవికి

అవతారిక: 1977 మే 8, ఆదివారం. అమెరికాలోని ఇథాకా పట్టణం, కార్నెల్ విశ్వవిద్యాలయపు బార్టన్ హాలు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ జట్టు ఆ రాత్రి చేసిన కచేరీని ఒక వీరాభిమాని తూచి తీర్పు చెబుతున్నాడు.

మొదటి సెట్టు బాగు, ముగిసెను చప్పున
రెండు పాట లల్లె రెప్ప పడక
మంచు పాట వినగ మాటలు పోయెను
టేపు వినని చెవికి తీపి కలదె

టీక: మొదటి సెట్టు = విరామానికి ముందు వాయించిన భాగము; బాగు = పరవాలేదు (వేరే జట్టుకైతే ఇది మెప్పు, డెడ్‌కు మాత్రం మందలింపు); ముగిసెను చప్పున = తొందరగా అయిపోయినది. ఇది చింత్యము. ఆ సెట్టు చివర వాయించిన 'డాన్సిన్ ఇన్ ద స్ట్రీట్' ఒక్కటే పావుగంట దాటింది. పావుగంటను చప్పున అనే మనిషితో ఇంట్లోవాళ్లు ఎలా వేగుతున్నారో మూలంలో లేదు.

రెండు పాటలు = 'స్కార్లెట్ బిగోనియాస్', 'ఫైర్ ఆన్ ద మౌంటెన్'; అల్లె = జంటగా పేనెను. 'జట్టు' అని కర్తను అధ్యాహారము చేసికొనవలెను. రెప్ప పడక = ఎడము లేక. శ్రోత రెప్ప అని కొందరు, గిటారు వాయించే జెర్రీ గార్సియా రెప్ప అని కొందరు. రెండోది గ్రాహ్యం కాదు, అంత దూరం నుంచి ఎవరు చూశారు?

ఇక్కడ కొంచెం ఆగాలి. డెడ్ అభిమానులు పాటల పట్టిక రాసుకునేటప్పుడు ఇలాంటి జంట మధ్య బాణం గుర్తు వేస్తారు. అది వారి సంధి. రెండు పాటల మాటలూ రాబర్ట్ హంటర్‌వే. మొదటిది 1974 నాటిది, రెండోది వేదికెక్కి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. దానిలో ఉన్నవి రెండే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుత్తులు), మిగతాదంతా మనోధర్మం. మొదటి పాట మాటలైపోయాక ఇద్దరు డ్రమ్మర్లూ నడక వదలరు. ఆ నడక మీద గిటారు తిరుగుతూ ఉండగానే రెండో పాట వచ్చి కూర్చుంటుంది. పూర్వపదం ఎక్కడ ఆగింది, పరపదం ఎక్కడ మొదలైంది అని గీత గీయడం ఏ వైయాకరణుడి వల్లా కాదు. రెండూ కలిసి పాతిక నిమిషాల పైమాటే. పద్యానికి ప్రాణం ఈ పాదంలోనే ఉంది.

మంచు పాట = 'మార్నింగ్ డ్యూ'. బానీ డాబ్సన్ రాసినది, అణుయుద్ధం తరువాతి లోకం గురించి. ఇందు శ్లేష కలదు: ఆ రాత్రి కచేరీ విని బయటికొచ్చినవాళ్లకు మే నెలలో మంచు కురుస్తూ కనబడింది.

టేపు = బెట్టీ కాంటర్-జాక్సన్ రికార్డు చేసినది. ఆమె తీసిన టేపులెన్నో 1986లో నిల్వగది అద్దె బాకీ కింద వేలానికి పోయాయి. అభిమానులు క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు ఎక్కించుకున్నారు. తాళపత్రాలకు లేఖక దోషాల్లాగా ప్రతి నకలుకూ ఇంత బుస అదనం. 2011లో ఈ రికార్డింగు అమెరికా జాతీయ రిజిస్ట్రీకెక్కింది, 2017లో జట్టు పేరుతోనే విడుదలైంది. తీపి కలదె = లేదనుట.

తాత్పర్యము: మొదటి సగం ఫరవాలేదు, రెండో సగం అద్భుతం, నువ్వు వినకపోతే నీ ఖర్మ.

విశేషములు: కవి హాలులో ఉన్నాడా? 'వినగ' అన్నాడే గాని 'కనగ' అనలేదు. కాబట్టి తీర్పు టేపు మీదే. ఇది దోషం కాదు, ఈ కచేరీ కీర్తి అంతా టేపు పెట్టిన భిక్ష. మర్నాడు బఫలోలో వాయించినదే మేలని పూర్వపక్షం. మొత్తం మీద అది నిజమే కావచ్చు, కాని ఆ జంట పాటలు బఫలోలో వాయించలేదు. కనుక కార్నెల్‌దే పైచేయి.

చివర అదనంగా వాయించినది 'వన్ మోర్ సాటర్డే నైట్'. ఆదివారం నాడు శనివారపు పాట కాలదోషం, కవి దాన్ని దాచాడు.

మొదటి సెట్టుకు ఓపిక లేని పాఠకులు రెండో సెట్టు నుంచే మొదలుపెట్టవచ్చును. 'స్కార్లెట్' అక్కడే తగులుతుంది.