కాఫీ మిషన్‌కు ఉప్పు పట్టించుట ఎట్లు?

మీరు ఎస్ప్రెస్సో మిషన్ కొన్నారు. శుభం. మిక్సీకీ ఎయిర్ ఫ్రయర్‌కూ నడుమ దానికి చోటు చేశారు, నురగ ఫొటోలు వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపారు. ఇక మిగిలింది నిర్వహణ. కంపెనీ పుస్తకం ఎటూ తెరవరు కనుక, వరంగల్ నీళ్లకూ మన ఓపికకూ సరిపోయే పద్ధతి ఇక్కడ ఇస్తున్నాం. తు.చ. తప్పక పాటిస్తే మీ మిషన్ రెండో ఎండాకాలం చూడదు.

1. బోరు నీళ్లే పోయండి.

ఊరికి నల్లా నీళ్లు ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల వైపు నుంచి వస్తాయి. చెరువు నీళ్లలో ఉప్పు మామూలుగా తక్కువ, వాటితో మన పని ఆలస్యమవుతుంది. గ్రానైటు పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలిచిన బోరు నీళ్లయితే కాల్షియం, మెగ్నీషియం దండిగా తెస్తాయి. వేడి తగలగానే బైకార్బనేట్ విడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, కాల్షియం కార్బనేట్ బాయిలర్ గోడకు అంటుకుంటుంది. గీజరు కాయిల్ మీద తెల్లగా కనిపించేది ఇదే.

తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని ఐఎస్ 10500 ప్రమాణం చెబుతుంది. వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఓర్చుకోమంటుంది. అది మనుషులకు రాసిన ప్రమాణం, మిషన్‌ను ఎవరూ అడగలేదు. 400 ఉన్న నీళ్లు రోజుకో లీటరు పోస్తే ఏడాదిలో 146 గ్రాముల సున్నం లోపలికి వెళ్తుంది. అందులో కొంత కప్పులోకి జారుకుంటుంది. పాలు నురగెత్తించడానికి వేరే ఆవిరి బాయిలర్ ఉన్నవాళ్లకు ఆ బెంగ కూడా లేదు. ఆవిరి బయటికి పోతుంది, ఉప్పు మొత్తం లోపలే ఉంటుంది. రాతిని మలచడానికి కాకతీయుల శిల్పులకు ఉలి కావలసి వచ్చింది. రాతిని పుట్టించడానికి మీకు స్విచ్చి చాలు.

2. బోరు ఇష్టం లేకపోతే, వట్టి ఆర్‌ఓ పోయండి.

ఆర్‌ఓ నీళ్లలో కాసిని నల్లా నీళ్లు కలిపి, కరిగిన లవణాలు లీటరుకు 150 మిల్లీగ్రాముల దగ్గర ఉంచుకోవడం కొందరి చాదస్తం. అలా చేస్తే కాఫీ రుచిగా ఉంటుంది, మిషన్ చాలాకాలం బతుకుతుంది, మీకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. లవణాలే లేని నీళ్లతో కాఫీ చప్పగా దిగుతుంది. కొన్ని మిషన్లు బాయిలర్‌లో నీళ్లున్నాయో లేవో నీళ్లలో పారే కరెంటును బట్టే తెలుసుకుంటాయి. మరీ శుద్ధమైన నీళ్లు వాటికి కనపడవు, నిండిన బాయిలర్‌నే ఇంకా నింపుతూ పోతాయి. ఆర్‌ఓ కుర్రాడు జేబులోంచి తీసే పెన్ను టీడీఎస్ చూపిస్తుంది, కాఠిన్యం ఎంతో విడిగా చెప్పదు. కాఠిన్యానికి చుక్కల కిట్టు వేరే దొరుకుతుంది. దాన్ని కొనకండి, అనుమానం తీరిపోతుంది.

3. ఎర్ర లైటు వెలిగితే రీసెట్ నొక్కండి.

చాలా మిషన్లలో ఆ లైటు పోసిన కాఫీల లెక్కను బట్టి వెలుగుతుంది. లోపలికి తొంగి చూసేది ఏమీ లేదు. లైటు ఆరిందంటే ఉప్పు పోయినట్టే భావించండి. పంపు మూలిగితే టీవీ సౌండు పెంచండి. ధార సన్నబడితే దానికి రిస్ట్రెట్టో అని పేరు పెట్టి వడ్డించండి. కప్పు చూసి మామయ్య "ఏంరా అల్లుడా, గింతేనా?" అంటే, ఇటలీలో గింతే పోస్తరని చెప్పండి.

4. నిమ్మ ఉప్పు అందాజుగా వేయండి.

కిరాణాలో దొరికే నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ యాసిడే, పనిచేస్తుంది. లీటరు నీళ్లకు 20 గ్రాములు కరిగించి, సగం మిషన్‌లోంచి నడిపి, పావుగంట ఆపి, మిగతా సగం నడిపి, ఆపైన రెండు ట్యాంకుల మంచినీళ్లతో కడగడం తెలిసినవాళ్లు చేసే పని. మీరు గుప్పెడు వేసి, కరగకముందే స్విచ్చి నొక్కండి. బాయిలర్ స్టీలుదా, ఇత్తడిదా, అల్యూమినియందా అని విచారించకండి. అల్యూమినియం అయితే యాసిడ్ ఉప్పుతో ఆగదు, లోహాన్నీ తింటుంది. వెనిగర్‌తోనైతే రబ్బరు వాషర్లూ దెబ్బతింటాయి, వారందాకా కాఫీలో పచ్చడి వాసనా ఉంటుంది. చివరి కడుగుడు మాత్రం అతిథుల కప్పుల్లోకే వదలండి.

5. పాల గొట్టాన్ని ఎండనివ్వండి.

నురగ తీయగానే తడిగుడ్డతో తుడిచి, ఒక్క క్షణం ఆవిరి వదిలితే చాలు, గొట్టం శుభ్రమైపోతుంది. అందుకే వద్దు. గేదెపాలను దాని మీద మధ్యాహ్నం దాకా వదిలేస్తే రంధ్రాలు వాటంతట అవే మూసుకుంటాయి, తెరవడానికి పిన్నీసు వెతకవచ్చు.

6. జిడ్డుకూ ఉప్పుకూ ఒకటే మందు వాడండి.

కాఫీ గింజల నూనె జల్లెడకు పట్టి చెడువాసన వేస్తుంది. దాన్ని వదిలించేది క్షారం, సున్నాన్ని కరిగించేది ఆమ్లం. రెండు డబ్బాలు కొనడం దండగ. చిల్లుల్లేని బుట్ట పెట్టి పౌడరుతో వెనక్కి కడగడం మూడుదారుల వాల్వు ఉన్న మిషన్లకే పనికొస్తుంది. మీ దాంట్లో ఆ వాల్వు లేకపోతే ఇంకా ఉత్సాహంగా కడగండి. చికోరీ కలిపిన ఫిల్టరు పొడి కూడా ఒకసారి వేసి చూడండి. అది నీళ్లలో నానితే జిగటగా సాగుతుంది, జల్లెడను గట్టిగా పట్టుకుంటుంది.

7. ఆఖరున వారంటీ కార్డు తీయండి.

అందులో చిన్న అక్షరాల్లో ఉప్పు వల్ల కలిగిన నష్టం తమది కాదని రాసి ఉండే అవకాశం ఎక్కువ. చదివాక పెట్టె కోసం అటక వెతకండి. దాన్ని దసరాకే పాత పేపర్లతో అమ్మేసి ఉంటారు. దుప్పటిలో చుట్టి, కాజీపేటలో రైలెక్కించి, హైదరాబాద్ తీసుకెళ్లండి. మెకానిక్ మూత విప్పి "ఏం నీళ్లు పోస్తున్నరు సార్?" అంటాడు. కరెంటు హెచ్చుతగ్గుల మీదికి మాట మళ్లించండి.

రిపేరు ఖర్చు వింటే కొత్తదే మేలనిపిస్తుంది. ఈసారి పెద్ద బాయిలర్ ఉన్నది తీసుకోండి. ఉప్పు ఎక్కువ పడుతుంది.