హెచ్చార్ పద్యం: సటీక తాత్పర్య విశేషములు

అవతారిక

మెదక్ సీమలోని కొల్చారానికి చెందిన మల్లినాథసూరి, మూలంలో ఆధారం లేని మాట ఒక్కటీ రాయకూడదని నియమం పెట్టుకుని కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. ఆయన అదృష్టవంతుడు, మూలంలో అర్థం ఉంది. మన చేతికొచ్చిన పద్యంలో ఉన్నది తక్కువ, లేనిది ఎక్కువ. కాబట్టి ఆ నియమాన్ని ఇక్కడ పాటించలేకపోయినందుకు పండితులు మన్నింతురు గాక.

కవి కాలాదులు: కవి అసలు పేరు మెయిలు చివర ఉంటుంది గానీ లోకంలో ‘హెచ్చార్’ అన్న బిరుదనామమే ప్రసిద్ధం. పద్యంలో ఫోనూ మెయిలూ రెండూ కనబడుతున్నాయి కనుక, ఇది 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వెలసిన తరువాతి రచన అని ఊహించవచ్చు. రెండు టెక్నికల్ రౌండ్లూ, ఒక మేనేజర్ రౌండూ దాటిన అభ్యర్థి, “తర్వాత ప్రాసెస్ ఏంటండీ?” అని అడగ్గా కవి ఇట్లు సెలవిచ్చుచున్నాడు.

మూలము (ఆ.వె.)

బాగ చెప్పినారు పైవారితో మాట
లాడి చెప్పెదమిక మూడు నాళ్ల
లోన; మీరు మాకు ఫోనులే చేయొద్దు;
మేమె పంపుతాము మెయిలు మీకు.

ప్రతిపదార్థము

బాగ చెప్పినారు = జవాబులు చక్కగా పలికితిరి (ఏ ప్రశ్నకో కవి చెప్పలేదు); పైవారితోన్ = మేనేజరుతోను, ఆయన పైనున్న డైరెక్టరుతోను, ఆ పైన బడ్జెట్ చూసే ఫైనాన్సువారితోను; మాటలాడి = సంప్రదించి; ఇక = ఇటుపైన; మూడు నాళ్లలోన = మూడు పనిదినాల లోపల (శని, ఆదివారాలు, పండగలు, కవిగారి సెలవులు, క్వార్టర్ ముగింపు ఇందులో చేరవు); చెప్పెదము = తెలియజేయుదుము; మీరు మాకు = అభ్యర్థులైన మీరు హెచ్చార్లమైన మాకు; ఫోనులే = ఫోన్లు మాత్రం (ఇది నిశ్చయార్థక ఏకారం గనుక వాట్సాప్‌కు నిషేధం లేదని అభ్యర్థులు వాదిస్తారు; నీలం టిక్కులు పడ్డాక ఆ వాదం వారే విరమించుకుంటారు); చేయొద్దు = చేయకుడు; మేమె = మా అంతట మేమే; మీకు మెయిలు పంపుతాము = స్పష్టం.

పాఠాంతరము: ‘మూడు నాళ్ల’ అన్నచోట ‘వారం’ అని కొన్ని ప్రతుల్లో, ‘త్వరలో’ అని మరికొన్నింట్లో ఉంది. ఫలితంలో భేదం లేదు.

అన్వయము

ఈ పద్యం అన్వయానికి లొంగకపోవడానికి ఒకే కారణం: ‘ఎంపికైతే’ అనే పదం లోపించింది. దాన్ని అధ్యాహారం చేసుకుని, “ఎంపికైతే చెప్పెదము, ఎంపికైతే మెయిలు పంపుతాము” అని రెండుచోట్లా కలుపుకోవాలి. ‘కాకపోతే’ అన్న పదానికి క్రియ ఏదని అడుగుదురేమో. దానికి కవి క్రియ ఇవ్వలేదు. అది అకర్మకం, అకర్తృకం, ఆపైన అక్రియం కూడాను.

తాత్పర్యము

ఓ అభ్యర్థీ! నీవు రావచ్చు, రాకపోవచ్చు. ఫోను మాత్రం పక్కన పెట్టుకో.

విశేషములు

1. ఛందస్సు. ఆటవెలది. ఒకటి, నాలుగు పాదాల్లో అక్షరయతి, రెండు, మూడు పాదాల్లో ప్రాసయతి. యతి ఎక్కడా తప్పలేదు. తప్పిందంతా మాటే.

2. శాబ్దబోధ. వాక్యం అర్థం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు కావాలని శాస్త్రం. ఇక్కడ ఆకాంక్ష యావత్తూ అభ్యర్థి దగ్గరుంది. యోగ్యత తేల్చడం కంపెనీ చేతిలో ఉంది. సన్నిధి మాత్రం లేదు. “మీరు సంప్రదించాలనుకుంటున్న వ్యక్తి” మరో కాల్‌లో ఉన్నారు.

3. పూర్వపక్షము. “ఎక్కడెక్కడ ఇప్పటి జీతమెంత, ఆశించేదెంత, నోటీస్ పీరియడ్ ఎన్నాళ్లు అని అడుగుతారో అక్కడక్కడ ఆఫర్ ఉంటుంది, నన్ను అడిగారు, కనుక ఆఫర్ ఉంది” అని అమీర్‌పేట హాస్టల్ తార్కికుల అనుమానం. ఇది నిలవదు. ఆ మూడు ప్రశ్నలూ రిక్రూటర్లు మొట్టమొదటి ఫోన్లోనే, వచ్చినవాణ్ణీ రానివాణ్ణీ ఒకేలా అడుగుతారు. సాధ్యం లేనిచోట కూడా హేతువు కనబడుతోంది గనుక ఇది అనైకాంతిక హేత్వాభాసం.

ఇంటి సంప్రదాయం వేరు. “వాళ్లు చెయ్యొద్దంటారు, మనం చెయ్యాలిరా. సతీష్ వాళ్లబ్బాయి అలా చేస్తేనే వచ్చింది” అని అమ్మగారి వ్యాఖ్య. దీనికి ప్రమాణం సతీష్ వాళ్లబ్బాయే. ఆ అబ్బాయి ఫోన్ ఎత్తడు.

4. సిద్ధాంతము. కవి అబద్ధమాడాడని తొందరపడి అనరాదు. జాబితాలో మొదటి పేరు మరొకరిది. అతనికి ఆఫర్ వెళ్లింది, అతను ఒప్పుకున్నాడు కూడా. కానీ అతని పాత కంపెనీలో నోటీస్ పీరియడ్ 90 రోజులు. ఆ 90 రోజుల్లో ఈ ఆఫర్ లెటర్ చూపించి అతను మరో రెండుచోట్ల బేరం పెడతాడు. జాయినింగ్ రోజు ఉదయం వస్తాడో రాడో హెచ్చార్‌కూ తెలియదు. రెండో పేరువాడికి ‘లేదు’ అని చెప్పేస్తే, మొదటివాడు ఎగ్గొట్టిననాడు ప్యానెల్‌ను మళ్లీ కూర్చోబెట్టాలి. ‘అవును’ అంటే ఉన్నది ఒక్క పోస్టు. అందుకే ‘మీ ప్రొఫైల్ హోల్డ్‌లో ఉందండీ’ అనే మధ్యమ మార్గం. అంటే మీరు హెచ్చార్ కోసం చూస్తున్నట్టే, హెచ్చార్ మరొకడి కోసం చూస్తున్నాడు. ఆ మరొకడు ఇంకో హెచ్చార్ కోసం. మూడు నాళ్ల లెక్క ఎవరికీ కుదరకపోవడానికి మూలం ఇదే.

5. నాయికా విచారము. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన అష్టవిధ నాయికలూ ఈ అభ్యర్థుల్లోనే వరసగా కనబడతారు. సర్టిఫికెట్లు స్కాన్ చేసి, ఫోన్ నిండా ఛార్జ్ చేసి, రింగు పెంచి కూర్చున్నవాడు వాసకసజ్జిక. నౌక్రీ ప్రొఫైల్‌లో రోజుకో ఫుల్‌స్టాప్ తీసి మళ్లీ పెట్టి, ‘ఈరోజే అప్‌డేట్ అయింది’ అనిపించుకునేవాడు విరహోత్కంఠిత. 040తో మొదలయ్యే నంబరు చూసి ఒక్క రింగుకే ఎత్తి, “సార్, మీకు ప్రీ అప్రూవ్డ్ లోన్ ఉంది” అన్న మాట విన్నవాడు విప్రలబ్ధ. తాను ఇంటర్వ్యూ ఇచ్చిన ఉద్యోగమే లింక్డిన్‌లో మళ్లీ కొత్తగా పడటం చూసినవాడు ఖండిత. జీతం దగ్గర గట్టిగా నిలబడి, ఇంటికొచ్చాక ‘ఓ లక్ష తగ్గినా పోయేదేముంది’ అని నాలుక కరుచుకున్నవాడు కలహాంతరిత. ఆగలేక ఆఫీసుకే వెళ్లి సెక్యూరిటీ దగ్గర రిజిస్టర్‌లో పేరు రాసినవాడు అభిసారిక. నాలుగు ఆఫర్లు చేతిలో పెట్టుకుని హెచ్చార్ల ఫోన్లు కట్ చేసేవాడు స్వాధీనభర్తృక. పైన సిద్ధాంతంలో చెప్పిన మొదటివాడు ఇతడే.

మిగిలింది ప్రోషితభర్తృక, అనగా దేశాంతర విరహం. డాలస్‌లో హెచ్1బీ మీద ఉండి ఉద్యోగం పోయినవాడికి, మరో కంపెనీ పిటిషన్ వేసేలోగా చట్టం ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. పిల్లల బడి, ఇంటి లీజు, కారు వాయిదా అన్నీ ఆ 60లోనే తేలాలి. “మూడు నాళ్లలోన” అన్న మాట అతనికి ఇరవయ్యో వంతు. ఇక్కడ హాస్యం చెల్లదు, రసం కరుణం.

6. విధి విచారము. మీమాంసకుల మతంలో, చేసి తీరవలసినదాన్ని చెప్పేది విధి, ఉట్టి పొగడ్త అర్థవాదం. “బాగ చెప్పినారు” అర్థవాదం. దాని మీద ఇంటద్దె కట్టలేము. “పంపుతాము” అన్నది విధిలా వినబడుతుంది గానీ, దాటితే దోషం లేదు కనుక అదీ అర్థవాదమే. దీన్ని నిజంగా విధిగా మార్చినది కెనడాలోని ఆంటారియో. అక్కడ 25 మందికి తక్కువ కాని ఉద్యోగులున్న సంస్థ, బహిరంగంగా ప్రకటించిన ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేస్తే, చివరి ఇంటర్వ్యూ నుంచి 45 రోజుల్లోగా ఎంపిక నిర్ణయం జరిగిందో లేదో అభ్యర్థికి తెలియజేసి తీరాలి. 2026 జనవరి 1 నుంచి ఇది అమల్లో ఉంది. ‘కాకపోతే’ అన్న పదానికి మన కవి ఇవ్వని క్రియను అక్కడి శాసనసభ ఇచ్చింది. ‘లేదు’ అన్న రెండక్షరాలకు ఖర్చు లేదు; ఆ మాట అందినవాడు మర్నాడే ఇంకోచోట అప్లై చేసుకుంటాడు. హోల్డ్‌లో ఉన్నవాడు చేసుకోడు. మన పద్యంలోని నష్టమంతా అక్కడే ఉంది.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని నిత్యం పఠించినవారికి ఆఫర్ వస్తుందని చెప్పడానికి శాస్త్రం ఒప్పుకోదు. మూడు నాళ్లు గడిచాక ఒక్క మెయిలు మర్యాదగా పంపి, అదేరోజు మరో నాలుగుచోట్ల అప్లై చేసినవారికి మాత్రం నిద్ర పడుతుంది. ఆఫర్ వచ్చినవారికి ఈ టీకతో పనిలేదు. వారికి సీటీసీ పట్టికలోని ‘వేరియబుల్ పే’ అనే పదం ఎదురవుతుంది. అది ఇంతకంటే గహనం కనుక ద్వితీయ సంపుటంలో వివరింపబడును.

ఇది హెచ్చార్ పద్యమునకు టీకా తాత్పర్య విశేషములందు ప్రథమ సంపుటము సంపూర్ణము.