అంటు కత్తి వాంగ్మూలం

నేను నూజివీడు మామిడి నర్సరీలో అంటు కట్టే కత్తిని. జానెడు పొడవు కూడా ఉండను. ఒక పక్కే పదును, పట్టుకోవడానికి చెక్క పిడి. నా పని కోయడమే అనుకుంటారు చూసినవాళ్లు. కానీ కోసిన చోట మళ్లీ అతుక్కోకపోతే నేను చేసింది పనే కాదు. నాటు టెంక నుంచి లేచిన మొక్క కాండం మీద ఏటవాలుగా, బొటనవేలంత పొడవున చెక్కు తీస్తాను. వారం పది రోజుల ముందే ఆకులు తుంచి ఉంచిన చిన్నరసం పుల్లకీ అదే వాలులో కోత పెడతాను. బెరడు కింద కాగితమంత మందాన పచ్చటి పొర ఉంటుంది. ఆ రెండు పొరలూ ఒకదానికొకటి ఆనేలా పాలిథిన్ పట్టీ చుట్టి బిగిస్తారు. టెంక నాటితే చిన్నరసం చిన్నరసంగా రాదు కనుకే ఈ తోటలకి నా అవసరం పడింది. ఇన్నేళ్లు అరిగాక నాకు ఒక్కటే పట్టుదల మిగిలింది: ఏ భాగం ఏ పని చేస్తుందో తెలియాలంటే దాన్ని తీసి చూడాలి, తిరిగి పెట్టీ చూడాలి. ఆ రెండో పని చేయనివాడి సాక్ష్యం నేను ఒప్పుకోను. మనిషికి జబ్బు తెచ్చే ఈస్టుల జన్యువులను కోసే పనిముట్లనూ ఇదే కొలతతో చూస్తాను. అవి నాకంటే ఎంతో సన్నటివి, వరసకి మాత్రం నా చుట్టాలే.

కాండిడా జాతి ఈస్టులు ఆరోగ్యవంతుల నోట్లో, పేగుల్లో ఊరికే పడి ఉంటాయి. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో, ఐసీయూ మంచం మీద ఉన్నవాళ్లలో నెత్తురులోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది. కాండిడా ఆల్బికన్స్, కాండిడా గ్లాబ్రటా రెండింటి జన్యుపటాలూ 2004లోనే అచ్చయ్యాయి. పటం చూసి ఈ జన్యువే దోషి అనేస్తే మాత్రం అది కాకతాళీయమే. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగాయన్నంత వరకే. కల్లు పులియబెట్టే ఈస్టునైతే జతకట్టించి, పిల్లల్లో ఏ గుణం ఎటు పోయిందో లెక్కగట్టవచ్చు. ఆల్బికన్స్‌తో అది సాగదు. దానికి ప్రతి జన్యువూ రెండేసి కాపీలు, కాబట్టి రెండుసార్లు కోయాలి. పైగా దాని చదువే వేరు: సీయూజీ అనే మూడక్షరాలను తక్కిన జీవులు దాదాపు అన్నీ ల్యూసిన్ అనే అమైనో ఆమ్లంగా చదివితే, ఇది సెరిన్‌గా చదువుతుంది. బయటినుంచి అరువు తెచ్చిన జన్యువు దాని నోట తప్పుగా పలుకుతుంది. గ్లాబ్రటాకి ఒక్క కాపీయే ఉంటుంది గాని, ప్రయోగశాలలో అది జతకట్టదు. టెంక నాటి గుణం చూసే దారి మూసుకుపోయాక మిగిలింది కత్తే.

ఆల్బికన్స్‌కి చాలాకాలం ఆధారమైన కత్తిని 1993లో ఫాంజీ, ఇర్విన్ అనే పరిశోధకులు సిద్ధం చేశారు. యురాసిల్ తయారీకి కావలసిన యూరా3 జన్యువు లేని ఈస్టుని ఎంచుకుంటారు. తీసేయదలచిన జన్యువు స్థానంలో యూరా3ని దూర్చి, యురాసిల్ లేని మేతలో పెంచుతారు. యూరా3 చేరినవే బతుకుతాయి. తర్వాత యూరా3 ఉన్నవాటినే చంపే మందు పెడితే, యూరా3ని వదిలించుకున్నవి మిగులుతాయి. అదే గుర్తుతో రెండో కాపీనీ కోయవచ్చు. ముచ్చటైన ఏర్పాటే. చిక్కల్లా ఆ గుర్తు నోరు లేనిది కాకపోవడం. యూరా3 ఏ చోట కూర్చుంటే ఆ చోటుని బట్టి ఎక్కువగానో తక్కువగానో పనిచేస్తుంది. తక్కువ పనిచేస్తే, ఆ ఈస్టు ఎక్కించిన ఎలుకలో జబ్బు తీవ్రత కూడా తగ్గుతుంది. ఎలుక బతికితే, కోసేసిన జన్యువే రోగానికి మూలమని రాసుకునే ప్రమాదం ఉందన్నమాట. ఒకే తల్లిచెట్టు పుల్లలు వేర్వేరు నాటు మొక్కల మీద వేర్వేరుగా పెరుగుతాయని మాకు తెలుసు. వేరు చేసిన పనిని పుల్లకి అంటగట్టడం లాంటిదే ఇదీ. 1998లో ఈ లోపం బయటపడింది. 2004లో అబర్డీన్ పరిశోధకులు యూరా3ని ఆర్పీఎస్10 అనే ఒకే చోట నిలిపితే ఈ గోల తప్పుతుందని చూపారు. అదే ఏడు వుర్జ్‌బర్గ్ నుంచి సాట్1 ఫ్లిప్పర్ అనే మరో కత్తి వచ్చింది. పని ముగిశాక గుర్తు తనను తానే కత్తిరించుకు పోతుంది. 2015లో వల్మీక్ వ్యాస్, జెరాల్డ్ ఫింక్ బృందం ఆల్బికన్స్ చదువుకి తగ్గట్టు అక్షరాలు సరిదిద్ది క్రిస్పర్ కత్తిని తెచ్చింది. ఒక్క వేటుతో రెండు కాపీలూ. కత్తి ఎంత పదునెక్కినా తిరిగి పెట్టి చూడాల్సిన బాధ్యత తప్పదు.

హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలో రూపిందర్ కౌర్ బృందం 2012లో ప్రచురించిన పని నాకు బాగా నచ్చుతుంది. గెంతే డీఎన్‌ఏ ముక్క టీఎన్7తో అక్కడో ఇక్కడో చెడగొట్టిన 18,350 గ్లాబ్రటా రకాలను వాళ్లు మనిషి మాక్రోఫేజ్ కణాలకు మేతగా వేశారు. మింగేసే ఆ కణంలో బతకడానికో పెరగడానికో అవసరమని తేలినవి 56 జన్యువులు. ఇది చీకట్లో రాయి వేయడం కాదా అని అడగవచ్చు. కాదు, ముక్క ఎక్కడ దూరిందో చదవవచ్చు కనుక రాయి తగిలిన చోటు తెలుస్తుంది. బలమైన ఆక్షేపణ వేరొకటుంది: ఒక జన్యువు తీసినా మార్పు లేకపోతే అది పనికిరానిదనేనా? యాప్సిన్లు అనే ఎంజైముల కుటుంబం దీనికి జవాబు. గ్లాబ్రటాలో వాటి జన్యువులు 11. కౌర్, మా, కోర్మాక్ 2007లో పదకొండింటినీ తీసేస్తే ఎలుకల్లో జబ్బు నీరుగారింది. ఒకటి పోతే అన్నదమ్ములు ఆదుకునే కుటుంబంలో ఒక్కణ్ణి తప్పించి తీర్పు చెబితే ఎలా?

ఎలుక మనిషి కాదు, గాజుగిన్నెలోని కణం ఎలుక కూడా కాదు; ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. గిన్నెలో తేలింది అనుమానితుల జాబితా, అంతే. జన్యువులు కెలికితే కొత్త భూతం పుడుతుందన్న భయానికి మాత్రం కొంత జవాబుంది. ఈ కోతల్లో ఎక్కువ భాగం పనిచేస్తున్న జన్యువుని ఆపేవే. పైగా సాట్1 గుర్తున్న ఈస్టు తట్టుకునే నోర్సియోత్రిసిన్ మనుషుల వైద్యంలో వాడే మందు కాదు, కనుక ఆ గుర్తు వైద్యానికి అడ్డు రాదు.

మామిడి కత్తికి ఈస్టు గొడవ ఎందుకంటారా? పూత మీద బూడిద తెగులుకి ఇక్కడ కొట్టే హెక్సాకొనజోల్, ఆసుపత్రిలో ఇచ్చే ఫ్లూకొనజోల్ ఒకే గోత్రానివి. శిలీంధ్రం తన పొర కట్టుకునే ఒకే ఎంజైముని రెండూ పట్టుకుంటాయి. 2022లో ఢిల్లీ పరిశోధకులు నిల్వ ఉంచిన ఆపిల్స్ మీద మందులకు లొంగని మొండి ఈస్టు కాండిడా ఆరిస్‌ని కనిపెట్టారు. అది ఆపిల్ సంగతి, మామిడికి అంటగట్టను. తోటమందే దాన్ని మొండిగా మార్చిందనీ అనను. పండు మీద ఈస్టు, పండు మీద మందు కలిసి కనిపించడం మళ్లీ కాకీ తాటిపండే. మొండి ఈస్టులో ఆ ఎంజైము జన్యువులో మారిన ఒక్క అక్షరాన్ని మందుకి లొంగే ఈస్టులో అతికించి, అది లొంగడం మానేస్తుందో లేదో చూడాలి. తర్వాత పాత అక్షరాన్ని పెట్టి, మళ్లీ లొంగుతుందో లేదో చూడాలి. అప్పటిదాకా రైతు మీదా నేరం మోపకూడదు, మందు మీదా మోపకూడదు.