గట్లూ చాళ్లూ: ఒక డెర్మటోస్కోపు ఆత్మకథ

అరచేతిలో ఇమిడిపోయే పరికరాన్ని నేను. పేరు డెర్మటోస్కోపు. దేన్నయినా పది రెట్లు పెద్దది చేసి చూపిస్తాను. ఆ మాటకొస్తే మామూలు భూతద్దమూ పెద్దది చేస్తుంది. నా బలమంతా నా వెలుతురులో ఉంది. చర్మం మీద పడిన వెలుతురు పైపొర మీదే మెరిసి కన్ను చెదరగొడుతుంది. నాలోని పోలరైజ్డ్ కాంతి ఆ మెరుపును తీసేస్తుంది. అప్పుడు పొర కింది రంగు, సన్నటి రక్తనాళాలు బయటపడతాయి. 1920లో జర్మన్ వైద్యుడు జోహాన్ సాఫియర్ ఈ పరీక్షకు డెర్మటోస్కోపీ అని పేరు పెట్టాడు.

నేనుండేది ఒక ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో, డాక్టరమ్మ కోటు జేబులో. పొద్దున వరసలో పులిపిర్లవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లలో చాలామంది ఇంటి వైద్యం అయ్యాకే వస్తారు. వెంట్రుకతో బిగించి కట్టినవాళ్లు, సున్నం పెట్టినవాళ్లు, జీడిగింజ రసం పూసి చుట్టూ తోలు కాల్చుకున్నవాళ్లు. పులిపిరిలో నాకు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి గడ్డకట్టిన నెత్తురుతో మూసుకుపోయిన సన్నటి నాళాలు. పులిపిరి ఉన్నచోట చర్మపు గీతలు తెగిపోతాయి. ఒరిపిడికి కాయకట్టిన తోలు మీద మాత్రం అవి అలాగే సాగిపోతాయి. పిల్లల ఒంటి మీద నున్నటి పొక్కు, నడుమ చిన్న గుంట కనిపిస్తే, పులిపిరి లాగే అదీ వైరస్ పనే. ప్రాణానికి భయం లేదు.

కొన్నిసార్లు ఒంటి మీది మచ్చ ఒంట్లో సంగతి చెబుతుంది. మెడ వెనక నల్లబడి, చిన్న చిన్న తోలు బొడిపెలు వేలాడుతుంటే డాక్టరమ్మ షుగర్ పరీక్ష రాస్తుంది. కనురెప్పల మీద పసుపు పొర కడితే కొలెస్ట్రాల్ చూడమంటుంది.

ఒకసారి ఒళ్లంతా మెత్తటి కంతులతో ఒక అమ్మాయి వచ్చింది. బల్ల మీద పక్కనున్నవాళ్లు దూరం జరిగారు. వీపు మీద పాలకాఫీ రంగు మచ్చలు. 1882లో వైద్యుడు ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ వివరంగా రాసిన న్యూరోఫైబ్రోమటోసిస్ ఇది. పదిహేడో క్రోమోజోమ్ మీది జన్యువులో లోపం వల్ల వస్తుంది, ఎవరికీ అంటదు. డాక్టరమ్మ నన్ను బల్ల మీద పెట్టేసి, గ్లవ్స్ తీసి, అందరూ చూస్తుండగా ఆ కంతుల మీద వట్టి చెయ్యి వేసింది. ఆ పూట నాతో చేసే ఏ పరీక్షకన్నా ఆ చెయ్యే ముఖ్యమని నాకు అనిపించింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది అరికాలు. నాట్లు వేసే పెద్దమ్మ ఒకామె కొడుకుతో వచ్చింది. మడమ మీద నల్లటి మచ్చ. "ఆనెకాయేనమ్మా, నొప్పి కూడా లేదు" అంది. కొడుకు ఫోన్‌లో బొమ్మలు వెతికి, వాటిలా లేదు కాబట్టి పర్వాలేదనుకున్నాడు. అతణ్ని తప్పుపట్టలేను. ఆ బొమ్మల్లో చాలావరకు తెల్ల తోళ్లే. మన రంగువాళ్లలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అరుదు. వచ్చినప్పుడు మాత్రం ఎక్కువగా అరికాల్లో, అరచేతిలో, గోరు కింద వస్తుంది. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది. 1981లో 36 ఏళ్లకే పోయాడు. నొప్పి లేదని ఊరుకునే మచ్చలే నాకు భయం.

అరికాలి తోలు దున్నిన చేనులా ఉంటుంది, వరసగా గట్లూ చాళ్లూ. గట్ల మీద చెమట రంధ్రాలు తెల్లటి చుక్కల్లా కనిపిస్తాయి కాబట్టి ఏది గట్టో తెలిసిపోతుంది. నల్లరంగు చాళ్లలో ఉంటే చాలాసార్లు అది మామూలు పుట్టుమచ్చే. గట్ల మీద పరుచుకుంటే మెలనోమాను అనుమానించాలి. ఈ తేడాను తేల్చినవాళ్లలో జపాన్ వైద్యులు ముందున్నారు. పెద్దమ్మ మడమ మీద రంగు గట్లెక్కింది.

అనుమానం దాకానే నా పని. ముక్క తీసి పరీక్ష చేస్తేనే ఖాయం. "బయాప్సీ చెయ్యాలమ్మా, ఈ వారమే రావాలి" అంటూ డాక్టరమ్మ గజ్జల్లో బిళ్లలు కట్టాయేమోనని నొక్కి చూసింది. చేతికేమీ తగల్లేదు. కొడుకుని దగ్గరకు పిలిచి ఏ రోజు, ఏ గదికి రావాలో చీటీ మీద రాసిచ్చింది. నన్ను స్పిరిట్‌తో తుడిచి పీజీ విద్యార్థి చేతిలో పెట్టి, రెండో కాలూ ఇరవై గోళ్లూ చూడమంది. అతను స్టూలు దగ్గరకు లాక్కుని, "ఈ కాలు చాపు పెద్దమ్మా" అన్నాడు.