పియానో బాబు పెళ్ళిచూపులు

కూకట్‌పల్లి, మియాపూర్ అపార్ట్‌మెంట్లలో ఇలాంటివాడు అంతస్తుకొకడు దొరుకుతాడు. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి సంగీత దర్శకత్వం. పిల్లల గది గోడలకి నల్ల స్పాంజి పలకలు అతికించి స్టూడియో అని పేరు పెట్టాడు. పిల్లలు హాల్లో చదువుకుంటున్నారు. పేరెందుకు గానీ, పియానో బాబు అనుకుందాం.

పియానో బాబుకి పియానో లేదు. స్టైన్‌వే డి మోడల్ దాదాపు తొమ్మిదడుగుల పొడవు, వీళ్ళ లిఫ్టులో సోఫాయే పట్టలేదు. అంచేత కంప్యూటర్లో పెట్టుకునే పియానో కోసం చూస్తున్నాడు. సంబంధాలు వస్తున్నాయి, పోతున్నాయి, ఒక్కటీ కుదరడం లేదు.

తెలియక కుదరడం లేదనుకునేరు. తెలియనిదేమీ లేదు, అదే చిక్కు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ ఇచ్చి మరీ చెబుతాడు. ఈ పియానోలు రెండు జాతులట. ఒకటి, అసలు పియానోని స్టూడియోలో పెట్టి, ఒక్కో మీటని మెల్లగా, గట్టిగా, ఇంకా గట్టిగా నొక్కి రికార్డు చేసినవి. కీస్కేప్ అనేది అలాంటిదే, మొత్తం 77 జీబీ. దానికి చోటు చేయబోయి పెళ్ళి ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి పంపించాడు. ఆ సంగతి వాళ్ళావిడకి ఇంకా తెలీదు. రెండోది పియానోటెక్. ఫ్రాన్సులో తులూజ్‌లోని మొదార్ట్ కంపెనీ 2006లో తెచ్చింది. అందులో రికార్డింగులే ఉండవు. తీగె, సుత్తి, చెక్క ఎలా కంపిస్తాయో అప్పటికప్పుడు లెక్కకట్టి పలికిస్తుంది. గిగాబైట్ల గొడవే లేదు. "అంత చిన్నదాంట్లో ఆత్మ ఎక్కడుంటుందండీ?" అంటాడు బాబు.

పరీక్ష పద్ధతి ఒకటే. హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, సీ మేజర్ కార్డు నొక్కుతాడు. ధ్వని పూర్తిగా అణిగేదాకా ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత ఏ మైనర్. తల అడ్డంగా ఊపుతాడు. "పైస్థాయిలో గాజు తగులుతోంది." అంతే, ఆ సంబంధం తప్పిపోయినట్టే. పియానోటెక్ ట్రయల్‌లో కొన్ని నల్లమీటలు కావాలనే పలకకుండా చేస్తారు, డబ్బు కడితే పలుకుతాయి. బాబు దాన్ని వారాల తరబడి పరీక్షించాడు గానీ ఆ లోటు కనిపెట్టలేదు. ఆ రెండు కార్డుల్లో నల్లమీట లేదు మరి.

బోజెన్‌డార్ఫర్ ఇంపీరియల్ అనే పియానోకి మిగతా పియానోల్లా 88 కాదు, 97 మీటలు. ఎడమవైపు ఎక్కువగా ఉన్న ఆ తొమ్మిదింటినీ సరిగ్గా రికార్డు చేశారో లేదో తేలనిదే డబ్బు పెట్టనంటాడు. బాబు కీబోర్డుకి ఉన్నవి 61. మామూలు పియానోలో అట్టడుగు మీట తీగే సెకనుకి 27.5 సార్లు కంపిస్తుంది, వినేవాళ్ళ ఫోన్ స్పీకర్లకి అది అందదు. అందని దానికి కింద ఇంకో తొమ్మిది. పెడల్‌ని సగం తొక్కితే వచ్చే సూక్ష్మాల మీద మాత్రం గంట మాట్లాడతాడు. తొక్కడానికి పెడల్ కొనలేదు.

అన్నిటిలోనూ ఉన్న దోషం ఒకటుందట. మీట నొక్కాక ధ్వని ఆలస్యంగా వస్తుందట. రాదూ మరి? ధ్వనిని పోగుచేసి పంపే బఫర్‌ని 1024 శాంపిళ్ళ మీద వదిలేశాడు. 44,100 శాంపిల్ రేటులో ఆ ఒక్కటే 23 మిల్లీసెకన్లు మింగేస్తుంది. 128కి దించితే మూడుకి వస్తుంది. ఇక "మొరటు" అని తిప్పికొట్టిన పియానోల సంగతి. మీట ఎంత జోరుగా నొక్కామో కీబోర్డు 1 నుంచి 127 దాకా ఒక అంకెగా పంపుతుంది. తేలిక మీటల కీబోర్డు మీద వేలు కాస్త పడగానే వందకి ఎగబాకుతుంది. ఆ అంకెల్ని మలిచే వెలాసిటీ కర్వ్ సవరించుకుంటే సగం పియానోలు మెత్తబడేవి. ఇవన్నీ పది నిమిషాల పనులు, ఖర్చు లేనివి. బాబుకి నచ్చకపోవడానికి అదే కారణమని నా అనుమానం.

ఓసారి తెనాలి నుంచి బాబాయి వచ్చాడు. పద్యనాటకాలకి హార్మోనియం వాయించిన మనిషి. ఆ సమయానికి సాలమాండర్ తెరిచి ఉంది. యమహా సీ5 పియానోని పదహారు స్థాయిల్లో రికార్డు చేసి ఊరికే ఇచ్చిన సరుకది. ఆయన కూర్చుని మోహన రాగం ఎత్తుకున్నాడు. వంటింట్లోంచి ఆవిడ, హాల్లోంచి పిల్లలు, ఎదురు ఫ్లాటాయనా వచ్చి నిలబడ్డారు.

"బాగానే పలుకుతోంది కదరా అబ్బాయ్. దీనికేమొచ్చింది?"

"అది ఫ్రీ, బాబాయ్."

ఆయన కాసేపు మీటల వంక, కాసేపు అబ్బాయి వంక చూసి, మజ్జిగ తాగి పడుకున్నాడు.

బావమరిది తన షార్ట్ ఫిల్మ్‌కి ఓ పియానో బిట్ అడిగాడు. "టోన్ ఖాయం కానీరా" అన్నాడు బాబు. సినిమా విడుదలైపోయింది, వేణువు బిట్టుతో.

మీకూ ఇంట్లో పాట కట్టుకోవాలని ఉంటే బాబాయి వాయించిందే దింపుకోండి. ఒక పెడల్ కొనుక్కోండి, బఫర్ తగ్గించుకోండి. కాదు, పియానో బాబునే సలహా అడుగుతామంటారా, రాత్రి భోజనం ముగించుకుని మరీ వెళ్ళండి.